గుండ్రాళ్ల కొండకు గిరిరథం

రాళ్లపేటలో ఎక్కడ నిలబడి తలెత్తినా గుండ్రాళ్ల కొండ కనిపిస్తుంది. దాని మీద పేర్చినట్టుగా ఇళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్లలో మనుషులుంటారనీ, వాళ్లు రోజూ దిగి ఎక్కుతుంటారనీ మునిసిపాలిటీ వారికి తెలియకపోలేదు. ఇంటిపన్ను నోటీసులు వాళ్లకీ వెళ్తాయి. కాకపోతే వాటిని కొండ కింద కిళ్లీకొట్టులో ఇచ్చేసి వచ్చేస్తారు. పైకి దారి లేదు మరి.

దారి అంటే బండరాళ్లే. తాతల నాటి నుంచీ తొక్కి తొక్కి నున్నబడ్డ రాళ్లు. గ్యాస్ బండ కింద దింపేసి పోతారు. మంచినీళ్ల ట్యాంకరు కిందనే ఆగుతుంది. పైవరసలో నూకాలు అనే ఆమె ఇడ్లీలు వండి, గిన్నె నెత్తిన పెట్టుకుని దిగి, బస్టాండు దగ్గర అమ్ముకుంటుంది. ఆమె మొగుడు అప్పన్న ఒకప్పుడు రేవులో బస్తాలు మోసినవాడు. ఇప్పుడు ఆయనకి మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పెద్దాసుపత్రిలో మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. రెండు వెదుళ్లకి ప్లాస్టిక్ కుర్చీ కట్టి, అందులో ఆయన్ని కూర్చోబెట్టి, నలుగురు మోసుకుంటూ దింపుతారు. జారితే ఐదుగురికీ ఒకే ఆసుపత్రి.

ముద్దాడ కిరీటి మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరు. ఆ ఆఫీసు మొత్తానికి కొండెక్కి చూసిన ఇంజనీరు అతనొక్కడే. ఎక్కిన రోజే ఆ కుర్చీ ఎదురైంది. పక్కకి తప్పుకోవడానికి చోటు లేక అతను ఒక రాతికి బల్లిలా అతుక్కుపోతే, కుర్చీ అతని ముక్కు రాసుకుంటూ పోయింది. కుర్చీలోంచి అప్పన్న, "ఏటనుకోకండి బావూ" అని క్షమాపణ చెప్పాడు. ఆ మాట కిరీటికి నిద్ర పట్టనివ్వలేదు. మెట్లకి, పట్టుకోవడానికి ఇనప కడ్డీలకి అంచనా వేసి, రాజధానికి పంపించాడు. "వాహనం చేరని ఆవాసాలకు మెట్ల పథకం" అని ఒకటి అప్పుడే మొదలైంది. దానికింద మంజూరు అయినట్టేననీ, సంతకం ఒక్కటే తరువాయనీ కబురొచ్చింది.

"వానాకాలం లోపు మెట్లు వచ్చేస్తాయమ్మా," అని కిరీటి నూకాలుకి మాటిచ్చాడు.

"అలాగే అంతారు బావూ అందరూ. నువ్వు ఎక్కొచ్చి సెప్పినావు గాబట్టి నమ్ముతన్నాను," అంది నూకాలు.

ఇంతలో కమిషనర్ భానోజీరావు గారు రాజధానిలో నవకల్పనల ప్రదర్శనకి వెళ్లొచ్చారు.

ఆయన ఏ ప్రదర్శనకి వెళ్లొచ్చినా ఆఫీసుకి ఏదో ఒకటి అంటుకుంటుంది. ఒకసారి నవ్వుల యోగా అంటుకుంది, పన్నుల విభాగం వారు ఇప్పటికీ దాని నుంచి తేరుకోలేదు. ఈసారి ఆయన బల్ల మీద ఒక రంగుల పెట్టె ఉంది. పెట్టెలో ఒక బొమ్మ జీపు. జానెడు వెడల్పు, మూరెడు పొడవు, కొబ్బరికాయలంత చక్రాలు. చేతిలో రిమోట్ పట్టుకుని నడిపితే రాళ్లూ రప్పలూ ఎక్కేస్తుందట.

"రాక్ క్రాలర్!" అన్నారు కమిషనర్ గారు. "రెడీ టు రన్. పెట్టె విప్పడమే ఆలస్యం. అక్కడ స్టాల్లో థర్మోకోల్ బండల మీద ఎలా పాకిందనుకున్నారు! చూస్తూండగానే నాకు గుండ్రాళ్ల కొండ కళ్ల ముందు మెదిలింది. సాంకేతిక ఫలాలను అట్టడుగు వర్గాల వారికి, అనగా ఈ సందర్భంలో పైనున్న వారికి, అందించుటయే మన ధ్యేయం. మందులు, మాత్రలు, నోటీసులు అన్నీ ఇక దీని మీదే పైకి పోవాలి. పేరు కూడా పెట్టేశాను. గిరిరథం."

కిరీటి ఏదో అనాలి. మెట్లు వస్తున్నాయి కదా సార్ అనాలి. కానీ ఆ జీపుని చూసేసరికి అతని నోట్లో నీళ్లూరాయి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గది గోడ నిండా ఇలాంటి బళ్ల బొమ్మలే అంటించుకున్నవాడతను. కొనే తాహతు లేక, ఏ బండికి ఏ గేరు పళ్లుంటాయో మాత్రం కంఠతా పట్టినవాడు. అలాంటి బండి ఇప్పుడు సర్కారు ఖర్చుతో ఎదురుగా కూర్చుంటే మంచి మాటలు ఎలా గుర్తొస్తాయి?

"బాగుంది సార్," అన్నాడు.

ఒక్క చిక్కొచ్చింది. బొమ్మలు కొనడానికి మునిసిపాలిటీకి అధికారం లేదు. వాహనాలు కొనడానికి ఉంది. అంచేత ఇది వాహనమే అని సాంకేతిక ధ్రువపత్రం ఒకటి కావాలి. కమిషనర్ గారు నిబంధనల పుస్తకం తెప్పించి చదివి వినిపించారు: "మనుషులు గానీ పశువులు గానీ లాగకుండా, నాలుగు చక్రాల మీద, తన యంత్రశక్తితో తాను కదులునట్టి ఏదైననూ వాహనము." కొలత ఎంతుండాలో పుస్తకంలో లేదు. కిరీటి ఆనందంగా సంతకం పెట్టాడు.

వాహనం అన్నాక డ్రైవరుండాలి. రోడ్డు రోలరు డ్రైవరు ముత్యాల్రావు, రోలరు చెడి ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాడు. అందరికన్నా సీనియరు, పైగా భారీ వాహనాల లైసెన్సు. ఆయన్నే వేశారు. డ్రైవరు వాహనం నడిపేటప్పుడు ఆసనంలో కూర్చుని ఉండవలెనని నిబంధన. జీపులో ఆయన కూర్చోలేడు గనక ఆయనకో స్టూలు మంజూరు చేశారు. జీపు నాలుగు రాళ్లు ముందుకెళ్తే ఆయన స్టూలు పట్టుకుని నాలుగు రాళ్లు ఎక్కి, మళ్లీ కూర్చుని, అప్పుడు రిమోట్ నొక్కాలి.

ప్రారంభోత్సవం ఆఫీసు ఆవరణలో జరిగింది. కొత్త బండికి జరగాల్సినవన్నీ జరిగాయి. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దండ బరువుకి బండి ముందుకు వంగింది. ముత్యాల్రావు భక్తిగా బండి ముందు కొబ్బరికాయ కొట్టి, స్టూలెక్కి కూర్చుని, రిమోట్ నొక్కాడు. గిరిరథం ముందుకు కదిలి, ఎదురుగా పడివున్న కొబ్బరిచిప్ప ఎక్కి, చిప్ప పొట్టకి తగులుకుని ఆగిపోయింది. నాలుగు చక్రాలూ గాల్లో తిరిగాయి. చిప్పలో మిగిలిన నీళ్లు లోపలికి చిమ్మి, చిన్న పొగ వచ్చి, చక్రాలు కూడా ఆగాయి.

సమీక్షా సమావేశంలో కమిషనర్ గారు గంభీరంగా ఉన్నారు. "విఫలమైనది అని మినిట్స్‌లో రాయకండి. విజయము వాయిదా పడినది అని రాయండి. కిరీటీ, కారణం ఏమిటి?"

కారణం కిరీటికి తెలుసు. తెలిసింది చెప్పడం కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూసినవాడిలా చెప్పుకుపోయాడు. "పెట్టెలోంచి తీసిన బండి పార్కులో ఆడుకోవడానికి పనికొస్తుంది సార్. మన కొండకి చాలదు. గేర్లు ప్లాస్టిక్‌వి, ఉక్కువి వెయ్యాలి. చక్రాలు తిప్పే చిన్న మోటారుకి బలం లేదు, అది మార్చాలి. నీళ్లు చొరకుండా కట్టుదిట్టం చెయ్యాలి. టైర్ల రబ్బరు గట్టిది, రాతిని పట్టుకోదు. మెత్తది వేసి, లోపల స్పాంజి మార్చాలి. బరువంతా పైన ఉంది సార్, అందుకే తలకిందులవుతుంది. చక్రాల దగ్గర ఇత్తడి బిళ్లలు బిగిస్తే బరువు కిందికి దిగి నేలని కరుచుకుంటుంది."

"అంటే మనిషికి మల్లే. కాళ్లు నేల మీదుండాలి," అన్నారు కమిషనర్ గారు తన్మయంగా. "కఠిన వినియోగ నిమిత్తం గిరిరథ పటిష్ఠీకరణకు ఆమోదం తెలుపడమైనది."

ఆ తర్వాత కిరీటి మనిషి కాలేదు. మురుగుకాలవల ఫైళ్లు ఒక పక్కకి తోసేసి బల్ల మీద గేర్లు పరిచాడు. ఉక్కు గేర్లు వచ్చాయి. కొత్త మోటారు వచ్చింది. స్పాంజి కొనడానికి పద్దు లేకపోతే, సందర్శకుల కుర్చీల సీట్లు కోసి అందులోది తీశారు. ఇత్తడి దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. మునిసిపాలిటీ ఇత్తడి వాడాలంటే వీధి కుళాయిల పద్దు ఒక్కటే దిక్కు. కమిషనర్ గారు ఆలోచించి, గుండ్రాళ్ల కొండ మీది కుళాయిల ఇత్తడి తలలు విప్పించమన్నారు.

"వాటికి ఎలాగూ నీళ్లు రావు కదా," అన్నారు. "కొండవారి ఇత్తడి కొండవారికే ఉపయోగపడుతుంది."

ఆ మాటలో ఏదో తేడా ఉందని కిరీటికి ఒక క్షణం అనిపించింది. కానీ బిళ్లలు బిగించి కొలిచి చూస్తే బరువు సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆ సంతోషంలో తేడా సంగతి మర్చిపోయాడు. అతను చెడ్డవాడేం కాదు. చేతికి బొమ్మ దొరికిన మంచివాడు, అంతే. అలాంటివాళ్లతోనే ఎక్కువ ప్రమాదం.

మెత్తటి టైర్ల గిరిరథం కొండ ఎక్కింది. నిజంగానే ఎక్కింది. మొదటి రాయి దాటింది, రెండో రాతి మీద గుటకలు మింగి అదీ దాటింది, జారుడు బండ దగ్గర ఒక చక్రం గాల్లో పెట్టి కుక్కపిల్లలా ఆలోచించి, దాన్నీ ఎక్కేసింది. వెనకాల ముత్యాల్రావు స్టూలుతో రొప్పుతూ ఎక్కాడు. జనం ఈలలు వేశారు. కిరీటి చిన్నపిల్లాడిలా గెంతాడు. పైవరస దాకా చేరిన గిరిరథం డొక్కలోంచి, కొండ చరిత్రలో వాహనం మీద వచ్చిన తొలి సరుకు దించారు. అది జ్వరం మాత్రల అట్ట. నలుగురు మోయగా తానూ పైకొచ్చిన కమిషనర్ గారు దాన్ని తన చేతుల మీదుగా అప్పన్నకి అందించారు.

"నాకు జొరం లేదు గదా బావూ," అన్నాడు అప్పన్న.

"రాకపోతుందా? వచ్చినప్పుడు వేసుకో," అన్నారు కమిషనర్ గారు. ఫొటో తీశారు.

ఇది ఒక్కసారితో ఆపలేదు. ముమ్మారు వరుసగా చేరితేనే విజయం అని పుస్తకంలో ఉందని మళ్లీ మళ్లీ ఎక్కించి, వీడియోలతో సహా నివేదిక రాజధానికి పంపారు. నివేదిక కింద కిరీటి సంతకం ఉంది. ఈసారి ఇంకాస్త పెద్దగా పెట్టాడు.

జవాబు తొందరగానే వచ్చింది. కమిషనర్ గారికి శాలువా ప్రకటించారు. కిరీటిని అభినందించారు. ఆఖర్న ఒక వాక్యం ఉంది: "గుండ్రాళ్ల కొండ ఆవాసము వాహన సౌకర్యము పొందినట్టు రుజువైనందున, వాహనము చేరని ఆవాసముల జాబితా నుండి సదరు ఆవాసమును తొలగించి, ప్రతిపాదిత మెట్ల మంజూరును ఇందుమూలముగా రద్దు పరచడమైనది."

కిరీటి ఆ వాక్యాన్ని చదివి, మళ్లీ చదివి, కమిషనర్ గారి గదిలోకి పరుగెత్తాడు.

"సార్, మెట్లు పోయాయి!"

"పోలేదు. అవసరం తీరింది," అన్నారాయన శాలువా రంగు గురించి ఆలోచిస్తూ.

"అది జానెడు బండి సార్! మనిషి దాని మీద ఎక్కలేడు. అప్పన్నని వారానికి రెండుసార్లు దింపాలి."

"దింపడం దేనికి? మనం పైకి పంపుదాం. ఆ శుద్ధి మిషనును విడిభాగాలుగా విప్పించి, రథం మోయగలిగినంత బరువు చొప్పున పంపిస్తే పైన బిగించుకుంటారు. దానికి వేరే ప్రతిపాదన పెట్టండి."

"సార్, మనలో మాట. అది బొమ్మ."

కమిషనర్ గారు కళ్లద్దాలు తీశారు. "కిరీటీ. అది బొమ్మ అయితే మనం మునిసిపాలిటీ సొమ్ముతో బొమ్మ కొన్నాం. బొమ్మకి ఉక్కు గేర్లు వేయించాం. బొమ్మ కోసం కుళాయిలు విప్పించాం. బొమ్మకి డ్రైవరుని వేశాం. అది బొమ్మ కాదు, వాహనం అని రాసిచ్చింది ఎవరు?"

కిరీటి బయటికొచ్చాడు.

బస్టాండు దగ్గర నూకాలు ఇడ్లీలు అమ్ముతోంది. తప్పించుకుపోదామనుకున్నాడు గానీ కాళ్లు అటే తీసుకెళ్లాయి. విషయం చెప్పాడు. ఆమె చట్నీ గరిటె పక్కన పెట్టింది.

"అయితే ఆ పిల్లలాడుకునే గుంటబండి ఎక్కీసిందని మా మెట్లు తీసేసినారా?"

"అవునమ్మా."

"దాన్ని ఎక్కించినోడివి నువ్వే గదా?"

"నేనే."

"ముందుగాల ఎక్కలేకపోనాది గదా. సిప్ప మీదే సతికిలబడిపోనాది. అప్పుడే ఒగ్గీవలసింది." నూకాలు గొంతు పెంచలేదు. అదే అతనికి కష్టంగా ఉంది. "మొన్న వానకి మా మావ కుర్సీ జారిపోనాది బావూ. ముందున్నోడు మోకాలు మీద కూలబడి ఆపినాడు. ఆడికిప్పుడు మోకాలు లేదు. మోసీవోల్లు ముగ్గురే మిగిల్నారు. రేపు ముగ్గురూ కాదంతే, మావ ఇంటికాడే ఉండిపోతాడు. ఉండిపోతే ఎన్నాల్లుంతాడో డాట్రుబాబు సెప్పినాడు. నీకు మల్లా సెప్పాలేటి?"

సిగ్గుతో కిరీటి మొహం మండిపోయింది. ఆమె ఇచ్చిన ఇడ్లీ పొట్లం చేతిలో పట్టుకుని, తినకుండానే ఆఫీసుకి తిరిగొచ్చాడు. ఒక నిర్ణయానికి వచ్చాడు. బండిని బాగుచేసి కొంప ముంచినవాడు, బండిని పాడుచేసి కొంప తేల్చాలి.

అవకాశం వెంటనే వచ్చింది. గిరిరథాన్ని రాష్ట్రంలోని కొండ పట్టణాలన్నిటికీ విస్తరించే ఉద్దేశంతో రాజధాని నుంచి సంయుక్త సంచాలకురాలు హైమవతి గారు స్వయంగా పరిశీలనకి వస్తున్నారు. ఆవిడ కళ్ల ముందు బండి ఎక్కకపోతే వాహనం చేరనట్టే. చేరకపోతే కొండ మళ్లీ జాబితాలో పడుతుంది. పడితే మెట్లు వస్తాయి. కిరీటి భోజనాల వేళ గది తలుపు గడియ పెట్టుకుని, తాను బిగించినవన్నీ ఒక్కొక్కటే విప్పాడు. ఇత్తడి బిళ్లలు తీసేశాడు. ఉక్కు గేర్ల చోట పాత ప్లాస్టిక్ గేర్లు పెట్టాడు. గట్టి రబ్బరు టైర్లు తొడిగాడు. అంత చక్కగా కుదిరిన బండి మళ్లీ జన్మలో కుదరదని అతనికి తెలుసు.

హైమవతి గారు వచ్చారు. ఆవిడ మాట్లాడితే ప్రతి మాటా టైపు కొట్టి వచ్చినట్టుంటుంది. ముత్యాల్రావు నమస్కారం పెట్టి, స్టూలెక్కి, రిమోట్ నొక్కాడు. గిరిరథం మొదటి రాయి ఎక్కింది. రెండో రాతి మీద ముందు చక్రాలు జారాయి, లోపల ప్లాస్టిక్ పళ్లు పటపటమని విరిగాయి, బండి వెల్లకిలా పడింది. ముత్యాల్రావు "అయ్యో నా తల్లీ!" అంటూ స్టూలు వదిలి పరుగెత్తాడు. కమిషనర్ గారి మొహం సున్నం కొట్టినట్టయింది. కిరీటి లోలోపల దండం పెట్టుకున్నాడు.

హైమవతి గారు వెల్లకిలా పడ్డ బండి చుట్టూ ఒకసారి తిరిగారు.

"వాహనము ఆగినది," అన్నారు.

"ఆగింది మేడమ్. ఎక్కలేదు. అంటే ఇక్కడికి వాహనం చేరదన్నమాటే," అన్నాడు కిరీటి ఆత్రంగా.

"తొందరపడకండి. వాహనము ఆగినచో లోపము రెండింటిలో ఒకదానియందు ఉండవలెను. వాహనమునందు గానీ, దారియందు గానీ. వాహనమునకు సాంకేతిక ధ్రువపత్రము ఉన్నదా?"

"ఉంది మేడమ్! ఇతనే ఇచ్చాడు!" అన్నారు కమిషనర్ గారు, పోయిన ప్రాణం తిరిగొచ్చి.

"దారికి ధ్రువపత్రము ఉన్నదా?"

ఆ రాళ్లకి ధ్రువపత్రం ఇచ్చినవాడు ఎవడూ లేడు.

"కనుక లోపము దారిది," అన్నారు హైమవతి గారు. "వాహనము కలిగియుండియు దారి లేని ఆవాసము ఇది. ఇట్టి ఆవాసమునకు పక్కా రహదారి నిర్మించుట ప్రభుత్వ ప్రథమ కర్తవ్యము. దీనికి మెట్ల పథకము కంటె పెద్ద పథకము ఉన్నది. నేడే ఉత్తర్వులు ఇచ్చెదను."

కిరీటికి కాసేపు చెవులు పనిచెయ్యలేదు. రహదారి! మెట్లడిగితే రహదారి! కింద జనంలో నిలబడ్డ నూకాలు వైపు చూసి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఆమెకి అర్థం కాకపోయినా ఆమె కూడా చెయ్యి ఊపింది.

అప్పుడు హైమవతి గారు సంచీలోంచి టేపు తీసి, వంగి, వెల్లకిలా పడ్డ గిరిరథాన్ని ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా కొలిచారు.

"వెడల్పు జానెడు. ఇరువైపులా రెండేసి వేళ్ల అంచు. నిబంధన ప్రకారము రహదారి వెడల్పు వాహనము వెడల్పును అనుసరించవలెను. అడుగు చాలును."

రోడ్డు ఎంతో త్వరగా పడింది. అన్యాయంగా చెప్పకూడదు, రాళ్లపేటలో అంత బాగా పడ్డ రోడ్డు ఇంకోటి లేదు. కొండ కింద నుంచి పైవరస దాకా, అడుగు వెడల్పున, నున్నటి సిమెంటు రోడ్డు మెలికలు తిరుగుతూ పోయింది. మధ్యలో తెల్లగీత వేశారు. ఇటూ అటూ చిటికెన వేలంత కడ్డీలతో జానెడెత్తు రెయిలింగు పెట్టారు. మలుపుల దగ్గర హారన్ కొట్టమని అరచేయంత బోర్డులు. మధ్యలో ఒక చోట వేగ నిరోధకం వేస్తే దాని మీద గిరిరథం ఆగిపోయింది గనక దాన్ని తవ్వేశారు. ఎక్కువ వాలు వచ్చిన చోట్ల మెట్లు కడదామని కిరీటి అడిగితే, వాహన రహదారి మీద మెట్లు ఉండరాదని జవాబొచ్చింది. కింద మొదట్లో పెద్ద బోర్డు ఒకటి పెట్టారు: "ఇది వాహన మార్గము. పాదచారులకు ప్రవేశము లేదు."

రోడ్డు కోసం తాతల నాటి నున్నటి రాళ్లు కొన్ని పగలగొట్టారు. అంచేత ఇప్పుడు ఎక్కడం మునుపటికన్నా కష్టమైంది. రోడ్డు మీద కాలు పెడదామంటే ఒక కాలే పడుతుంది, రెండో కాలు రెయిలింగుకి తన్నుకుంటుంది. ముత్యాల్రావు మాత్రం స్టూలు మీద హాయిగా కూర్చుని, కిందనుంచే గిరిరథాన్ని పైదాకా నడిపేస్తున్నాడు. విరిగినవాటి చోట మళ్లీ వేసిన ప్లాస్టిక్ గేర్లతోనే. ఇంత మంచి రోడ్డు మీద ఉక్కు గేర్లు దండగన్నారు.

ప్రారంభోత్సవం నాడు కమిషనర్ గారు చిన్న రిబ్బను చిన్న కత్తెరతో కోశారు. జనం పలచబడ్డాక, కాస్త అవతల స్టూలు మీద ముత్యాల్రావు బండి నడుపుకుంటూంటే, కిరీటి కొండ మొదట్లో బోర్డు కింద కూర్చుండిపోయాడు. రాజీనామా రాసేద్దామనుకుంటున్నాడు. రాస్తే ఏమవుతుంది? ఇంకో ఇంజనీరు వస్తాడు, వాడు కొండ ఎక్కడు.

పైనుంచి కుర్చీ దిగుతోంది. ఆసుపత్రి రోజు. మోసేవాళ్లు ముగ్గురే. నాలుగో భుజం నూకాలుది. చీర కొంగు బిగించి, వెదురు భుజాన పెట్టుకుని, పగిలిన రాళ్ల మీద అడుగులో అడుగు వేస్తూ దిగింది. పక్కనే నున్నటి సిమెంటు రోడ్డు మీద గిరిరథం చప్పుడు లేకుండా వాళ్లని దాటుకుని దిగిపోయింది. కింద కుర్చీ దించి నూకాలు ఊపిరి పీల్చుకుంది. అప్పన్న కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. మోసేవాళ్లకి బరువు తెలియకూడదని ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. తిట్లు పడతాయనుకుని కిరీటి లేచి నిలబడ్డాడు.

నూకాలు తిట్టలేదు. రోడ్డునీ, దాని మీద ఆగివున్న బండినీ మార్చి మార్చి చూసింది.

"బావూ, బండి ఎంత ఎడల్పుంతే రోడ్డు అంతే ఏత్తారా?"

"అంతేనమ్మా. అదే నిబంధన."

"బండి ఎడల్పయితే మల్లా రోడ్డు ఎడల్పు సేత్తారా?"

"చెయ్యాలి మరి. చెయ్యక..." కిరీటి ఆగిపోయాడు.

"అయితే ఆ బండిని ఎడల్పు సెయ్యలేవేటి? అన్నీ సేసినావు గదా దానికి."

కిరీటి బండి వైపు చూశాడు. గేర్లు మార్చాడు, మోటారు మార్చాడు, టైర్లు మార్చాడు. వెడల్పు ఒక్కటే ముట్టుకోలేదు. ఇరుసుకి రెండు పక్కలా గొట్టాలు తొడిగి, చక్రాలని బయటికి జరపొచ్చు. జానెడుని మూరెడు చెయ్యొచ్చు, మూరెడుని బారెడు చెయ్యొచ్చు. అప్పుడది ఒక్క రాయి కూడా ఎక్కలేదు, కనీసం మలుపు తిరగలేదు. కానీ తిరగాలని ఎవరన్నారు? దానికి ధ్రువపత్రముంది. ఆగితే లోపం దారిదే.

"చెయ్యొచ్చమ్మా," అన్నాడు. "ఎంత వెడల్పు కావాలి?"

నూకాలు కుర్చీని తీసుకొచ్చి బోర్డు కింద చదునుగా ఉన్నచోట పెట్టించింది. వెదుళ్ల దగ్గర ఇటు ఇద్దరినీ, అటు ఇద్దరినీ నిలబెట్టింది. తాను బయటికి రావడంతో అటు పక్క ఒకరు తక్కువైతే ముత్యాల్రావుని స్టూలు మీదనుంచి లేపి, వెదురు పట్టించింది. ఆయన రిమోట్ పక్కన పెట్టి పట్టుకున్నాడు.

"కొలుసుకో," అంది కిరీటితో.

కిరీటి జేబులోంచి టేపు తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక కొస ముత్యాల్రావు బయటి భుజం దగ్గర పెట్టి, రెండో కొస అప్పన్న ముందునుంచి లాక్కుంటూ ఇటు వచ్చాడు. టేపు తన మీదుగా పోతుంటే అప్పన్న మొహమాటపడి, అడ్డం రాకూడదని భుజాలు ఇంకా లోపలికి ముడిచి, చేతులు ఒళ్లో దోపుకున్నాడు.

నూకాలు వెళ్లి ఆయన చేతులు రెండూ పట్టుకుని బయటికి లాగింది.

"ఒదిగి కూకోకు మావా," అంది. "సేతులు బార్లా సాపు."